వరస లేని సరసం
పనిచోట నవ్వులాట, పెత్తనం, దళిత స్త్రీ

"ఏదో నవ్వులాటకి అన్నాను. దానికింత రాద్ధాంతమా?"

ఈ మాట మన పనిచోట్లన్నిటికీ ఉమ్మడి ఆస్తి. పొలం గట్టు మీద నిలబడ్డ ఆసామి అంటాడు. తెల్లారకముందే హాజరు వేసే మున్సిపాలిటీ మేస్త్రి అంటాడు. ఆఫీసులో సూపరింటెండెంటు అంటాడు. కాలేజీ స్టాఫ్‌రూంలో స్త్రీవాదం మీద పాఠం చెప్పొచ్చిన మేధావి కూడా అంటాడు. ముందు అన్న మాట ఏదైనా, తర్వాత చెప్పే సంజాయిషీ మాత్రం ఒకటే. ఆ సంజాయిషీని ఒప్పుకోని స్త్రీకి పడే పేరు కూడా ఒకటే: 'సరదా తెలీని మనిషి'. ఆమె దళిత స్త్రీ అయితే దానికి ఇంకో తోక తగులుతుంది: 'కేసులు పెట్టే రకం, జాగ్రత్త.'

మామూలుగా ఈ చర్చ మాటల జాబితా చుట్టూ తిరుగుతుంది. ఏ మాట సరసం, ఏ మాట బూతు? ఎంతవరకు అనొచ్చు, ఎక్కడ ఆపాలి? మేం ఈ ప్రశ్నని కొంచెం పక్కకి జరిపి అడగదలచుకున్నాం. ఆ మాటకి ఆమె అదే గొంతుతో తిరిగి జవాబు చెప్పగలదా? చెప్పాక మర్నాడు కూడా ఆమె కూలి, ఆమె హాజరు, ఆమె ప్రమోషను, ఆమె ప్రాణం భద్రంగా ఉంటాయా? ఉంటే అది హాస్యం. ఉండకపోతే అది పెత్తనం. నవ్వు దాని మీద కప్పిన గుడ్డ మాత్రమే. ఈ కొలత మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన వాడల్లో, మన నాట్ల దగ్గర ఆడవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నదే. దీన్ని చరిత్రలో పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

నవ్వుకీ ఒక వరస

తెలుగు సమాజంలో మేలమాడటానికి వరస ఉంది. బావామరదళ్ళు ఆడుకుంటారు. వదినామరుదులు ఆడుకుంటారు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ మాటలు రావు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద పాటలు కట్టి ఎంత ఎకసెక్కమాడినా ఎవరూ ఏమీ అనుకోరు. ఎందుకనుకోరు? అవతలి వాళ్ళకీ పాడే వంతు వస్తుంది గనక. మేలం అంటే వంతులాట. వరస పేరు చెప్పి ఇళ్ళల్లో ఆడపిల్లల మీద జరిగే హింస లేదని మేం అనడం లేదు. అది ఉంది. కానీ వంతు ఉండాలన్న నియమం కూడా ఆ సంస్కృతిలోనే ఉందని గుర్తు చేస్తున్నాం.

ఊళ్ళో కులాల మధ్య కూడా వరసలు నడుస్తాయి. కాపు, గొల్ల, కమ్మరి, చాకలి ఒకర్నొకరు మామా, బావా, అత్తా, పిన్నీ అని పిలుచుకుంటారు. మాలమాదిగల దగ్గరికి వచ్చేసరికి చాలా ఊళ్ళల్లో ఆ వరస పుటుక్కున తెగిపోతుంది. ముసలి మాదిగమ్మని ఆసామి కొడుకు, పట్టుమని పదేళ్ళు లేనివాడు, 'ఒసే' అంటాడు. ఆమె ఆ పిల్లవాణ్ణి 'అయ్యా' అనో 'దొరా' అనో అనాలి. వరస తెగిన చోట మేలం కూడా తెగిపోవాలి కదా? తెగదు. అదీ ఇక్కడ కిటుకు. దళిత స్త్రీకి అత్త వరస ఇవ్వరు, చెల్లి వరస ఇవ్వరు. మరదలి మీద ఉండే చనువు మాత్రం తీసుకుంటారు. ఆ చనువు ఒకవైపే నడుస్తుంది. ఆమె నోటెంట పొరపాటున 'బావా' అని వస్తే ఊళ్ళో పంచాయితీ అవుతుంది.

ఈ తర్కాన్ని చివరంటా లాగితే జోగిని వ్యవస్థ దగ్గర తేలుతుంది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు జోగిని అన్నా, చిత్తూరు వైపు మాతమ్మ అన్నా విషయం ఒకటే. దేవుడికి పెళ్ళి చేశామని చెప్పి దళిత బాలికని ఊరి మగవాళ్ళ అందుబాటులో పెట్టడం. ఒకరికి భార్య కాదు గనక అందరికీ మరదలే అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం దళిత, ఆదివాసీ స్త్రీలని ఇలా అంకితం చేయడాన్ని నేరంగా చేర్చింది. చట్టం ఆచారాన్ని నిషేధించింది, బాగుంది. ఆచారం వెనకున్న చూపు పొలంలోకీ, ఫ్యాక్టరీలోకీ, ఆఫీసులోకీ నడిచి వచ్చింది. 'వీళ్ళతో ఏమన్నా అనొచ్చు' అన్నదే ఆ చూపు.

దీనికి అటు వైపు కూడా చూడాలి. నాట్ల కాలంలో మన ఆడవాళ్ళ నోటి ముందు నిలబడటం ఎవరి తరం? గట్టు మీద పోయే కొత్త మనిషిని ఆపి, కాళ్ళ దగ్గర నారుకట్ట పెట్టి, ఇనాం ఇచ్చేదాకా కదలనీయరు. వాణ్ణి ఆడుకుంటారు, పాటలో పెడతారు. దళిత స్త్రీలకి హాస్యం తెలీదనేవాడు ఎప్పుడూ నాటుమడి దగ్గరికి పోలేదన్నమాట. కానీ గమనించాల్సింది ఇది: అక్కడ ఆమె గుంపులో ఉంది, పక్కన పదిమంది ఉన్నారు, నాట్ల సమయంలో ఆమె చేతి పని లేకపోతే ఆసామికి గడవదు. ఆమె నవ్వుకి ఆ బలం ఉంది. అదే స్త్రీ సాయంత్రం కూలిడబ్బుల కోసం ఒంటరిగా ఆసామి వాకిట్లో నిలబడ్డప్పుడు, అదే ఆసామి అన్న అదే మాటకి ఆమె దగ్గర నవ్వు ఉండదు. మాట మారలేదు. నిలబడ్డ చోటు మారింది.

జవాబుకి పడ్డ శిక్ష

పనికి పోయే స్త్రీని ఎగతాళి చేయడం ఆఫీసులతో పుట్టింది కాదు. 1848లో పుణెలో జ్యోతిరావు ఫూలేతో కలిసి బాలికల బడి మొదలుపెట్టిన సావిత్రీబాయి పాఠం చెప్పడానికి వెళ్తుంటే దారిలో తిట్టేవాళ్ళు, పేడ విసిరేవాళ్ళు. పాడైన చీర మార్చుకోవడానికి ఇంకో చీర వెంట పెట్టుకు వెళ్ళేదని చెప్పుకుంటాం. పేడ విసిరిన వాళ్ళకి అది వినోదమే అయ్యుండొచ్చు. చదువు చెప్పే శూద్ర స్త్రీని పనిలోంచి తరిమేయడమే ఆ వినోదం చేసిన పని.

తెలంగాణ గడీల్లో ఆడబాపల చరిత్ర దీనికంటే చీకటిది. దొరల ఇంటి ఆడపిల్లకి పెళ్ళయితే ఆమెతోపాటు పనిపిల్లల్ని కూడా పంపేవాళ్ళు. వాళ్ళ శ్రమా దొరదే, శరీరమూ దొరదే. గడీలో దొర వేళాకోళమాడితే నవ్వడం కూడా వెట్టిలో భాగమే. వెట్టి అంటే మనం మోతలూ, మోటలూ, పొలం పనులూ అనే చెప్పుకుంటాం. నవ్వు రాకపోయినా నవ్వాల్సి రావడం కూడా వెట్టే. దీన్ని చరిత్రకారులు లెక్కలో వేసింది తక్కువ.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగింది మనందరికీ తెలుసు. మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర నీళ్ళు పాడు చేస్తుంటే మున్నంగి సువార్తమ్మ అడిగింది. కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. జూలై 17న పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. అది సరసం గురించిన గొడవ కాదు, నిజమే. కానీ దళిత స్త్రీ చెప్పిన జవాబు ఖరీదెంతో చరిత్రలో ఇంత స్పష్టంగా రాసి ఉన్న చోటు ఇంకోటి లేదు. ఆ ఖరీదు తెలిసిన సమాజంలో, 'నచ్చకపోతే అప్పుడే చెప్పొచ్చుగా?' అని అడగడం ఎంత క్రూరమైన ప్రశ్నో ఆలోచించాలి.

అద్దం తిప్పి చూస్తే చుండూరు కనిపిస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దానికి ముందు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు కూచున్న అగ్రకులస్తుడికి తగిలిందన్నది గొడవ. దళిత కుర్రాళ్ళు తమ ఆడవాళ్ళని అల్లరి పెడుతున్నారన్న ప్రచారం కూడా అగ్రకులాల వైపు నుంచి వినిపించింది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. మేం ఇక్కడ చెప్పేదేమిటంటే, పై కులం నోట్లోంచి వస్తే 'సరదా', కింది కులం మీద ఆరోపణగా వస్తే 'కులానికి అవమానం'. అందుకే పనిచోట హాస్యానికి హద్దు గీసేటప్పుడు అధికారం సంగతి పక్కన పెట్టి ఒట్టి మర్యాద పేరు మీద గీస్తే, ఆ గీత మొదట మన కుర్రాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. మన స్త్రీలకి మాత్రం అది అక్కరకి రాదు. ఈ రెండు ప్రమాదాలూ ఒక్కసారే గుర్తుంచుకోవాలి.

'అల్పమైన హాని'

ఇప్పుడు చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 354, 509 సెక్షన్లు స్త్రీ మర్యాదకి భంగం కలిగించే చేతల్ని, మాటల్ని నేరం అన్నాయి. అదే స్మృతిలో 95వ సెక్షన్ కూడా ఉండేది. మామూలు బుద్ధీ, మామూలు ఓర్పూ ఉన్న మనిషెవరూ ఫిర్యాదు చేయనంత అల్పమైన హాని నేరం కాదని దాని సారం. 'ఏదో నవ్వులాటకి' అన్న సంజాయిషీకి చట్టంలో దొరికిన ఇల్లు ఈ 95వ సెక్షనే.

ఆ ఇంటి తలుపు ఎలా తెరుచుకుందో రూపన్ దేవల్ బజాజ్ కేసు చూపిస్తుంది. ఆమె పంజాబ్‌లో ఐఏఎస్ అధికారి. 1988 జూలై 18న చండీగఢ్‌లో ఒక ఉన్నతాధికారి ఇంట్లో విందు. అప్పటి పంజాబ్ పోలీసు డైరెక్టర్ జనరల్ కేపీఎస్ గిల్ అందరి ముందూ ఆమెని వెనక భాగం మీద కొట్టాడు. ఆమె ఫిర్యాదు చేసింది. 1989లో హైకోర్టు కేసు కొట్టేసింది. చూపిన కారణాల్లో ఈ 95వ సెక్షన్ ఒకటి. 1995 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని తోసిపుచ్చి విచారణ జరగాల్సిందేనంది. 1996లో శిక్ష పడింది. తర్వాత అప్పీళ్ళలో జైలు పోయి ప్రొబేషన్, జరిమానా మిగిలాయి. 2005లో సుప్రీంకోర్టు దోషిత్వాన్ని ఖాయం చేసింది. పదిహేడేళ్ళు. ఐఏఎస్ హోదా, ఇంగ్లీషు, లాయర్లు అన్నీ ఉన్న అగ్రవర్ణ అధికారిణికి 'ఇది అల్పం కాదు' అని నిరూపించడానికి పదిహేడేళ్ళు పట్టింది. మరి కాంట్రాక్టు మీద చీపురు పట్టిన మనిషికి ఎన్నేళ్ళు పట్టాలి?

రెండో కేసు కూడా 1988 నాటిదే. ఢిల్లీలో దుస్తుల ఎగుమతి ప్రోత్సాహక మండలిలో పనిచేసే టైపిస్టుని, చైర్మన్ ప్రైవేటు సెక్రటరీ చోప్రా డిక్టేషన్ పేరుతో హోటల్‌కి తీసుకెళ్ళి మీద మీదకి రాబోయాడు. సంస్థ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. హైకోర్టు మాత్రం, ప్రయత్నించాడే తప్ప నిజంగా ముట్టుకోలేదు కదా అంది. 1999 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనని తిరస్కరించింది. ముట్టుకుంటేనే వేధింపు అన్న లెక్క అప్పటికి పోయింది. కనీసం కాగితం మీద.

ఈ రెండిటి మధ్యా 1997 ఆగస్టు 13 నాటి విశాఖ తీర్పు ఉంది. లైంగిక ఛాయలున్న మాటలు కూడా వేధింపేనని, ముఖ్యంగా ఆమెకి ఇష్టం లేకపోవడమే కొలత అని చెప్పింది ఈ తీర్పే. ఆఫీసులున్న నగరాల్లో దీన్ని పండగలా చెప్పుకుంటారు. దాని వెనక ఎవరున్నారు? రాజస్థాన్‌లో భటేరీ గ్రామానికి చెందిన భన్వరీ దేవి. కుమ్మరి కులస్తురాలు. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసేది. ఆ పనిలో భాగంగానే బాల్యవివాహాన్ని ఆపబోయింది. అందుకు ప్రతీకారంగా 1992 సెప్టెంబరు 22న ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995 నవంబరులో జైపూర్ కోర్టు నిందితుల్ని అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. పై కులం మగవాడు కింది కులం స్త్రీని ముట్టుకుంటాడా అన్న తరహా తర్కం ఆ తీర్పులో పేరు మోసింది. పగలు పనిచోట 'ఏమన్నా అనొచ్చు' అనే సమాజమే, కోర్టులో 'అసలు ముట్టుకోనే ముట్టుకోడు' అంటుంది. రెండు నాలుకలు. భన్వరీ దేవి కేసు దేశంలోని ఉద్యోగినులందరికీ చట్టం తెచ్చిపెట్టింది. ఆమెకి న్యాయం తెచ్చిపెట్టలేదు.

రెండు చట్టాల సందున

విశాఖ తీర్పు తర్వాత పదహారేళ్ళకి, 2013లో, పనిచోట లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ, అంతకన్నా చిన్న చోట్ల వాళ్ళకీ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలంది. పొలం, ఇటుకబట్టీ, ఇంటిపని అన్నీ దీని కిందికి వస్తాయి. ఇది చిన్న విషయమేమీ కాదు. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. అమలు ఎలా ఉందంటే, చట్టం వచ్చిన పదేళ్ళకి, 2023 మేలో, సుప్రీంకోర్టే తీవ్రమైన లోపాలున్నాయని చెప్పాల్సి వచ్చింది.

ఈ చట్టంలో ఒక చిన్న వాక్యం మీద మన కార్యకర్తలు దృష్టి పెట్టాలి. జిల్లా స్థానిక కమిటీకి నామినేట్ చేసే సభ్యుల్లో కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ స్త్రీ అయి ఉండాలి. సంస్థల్లోని అంతర్గత కమిటీకి మాత్రం అలాంటి షరతు లేదు. అంటే యూనివర్సిటీలో, బ్యాంకులో, సచివాలయంలో దళిత ఉద్యోగిని ఫిర్యాదుని వినే బల్ల చుట్టూ ఒక్క దళిత స్త్రీ కూడా లేకపోయినా చట్టానికి అభ్యంతరం లేదు. 'కోటాలో వచ్చిందిగా, కొంచెం సర్దుకుపోవాలి' అన్న మాటలో లైంగికత ఎక్కడుందని ఆ బల్ల అడుగుతుంది. 'సర్కారు అల్లుళ్ళు' అని దళిత ఉద్యోగుల్ని వెక్కిరించడం పాత అలవాటే. ఆ వెక్కిరింత దళిత ఉద్యోగిని మీద పడేసరికి దానిలోకి ఆమె రంగు, చీర, ఒళ్ళు, 'పైకి ఎలా వచ్చిందో' అన్న ఆరా కూడా వచ్చి చేరతాయి. ఏది కులం, ఏది లింగం అని విడదీయమంటే ఎట్లా విడదీస్తాం? అన్నవాడు విడదీసి అనలేదు గదా.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద పోదామంటే ఇంకో అడ్డం. కులం పేరుతో అవమానించడం నేరం కావాలంటే అది పదిమందికీ కనిపించే, వినిపించే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య అన్నది ఆ నిర్వచనంలోకి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పనిచోట ఈ మాటలు పడేదే గదిలో, లిఫ్టులో, స్టోరులో. అయితే 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో మనకి పనికొచ్చే క్లాజు ఒకటుంది. దళిత లేదా ఆదివాసీ స్త్రీ అని తెలిసీ ఆమె పట్ల లైంగికమైన మాటలు, చేష్టలు, సైగలు చేయడం 3(1)(డబ్ల్యూ) కింద విడి నేరం. దానికి 'పదిమందిలో' అన్న షరతు లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష. నిందితుడికి ఆమెతోగానీ ఆమె కుటుంబంతోగానీ పరిచయం ఉంటే, కులం సంగతి అతనికి తెలుసనే కోర్టు భావిస్తుంది, లేదని నిరూపించుకోవాల్సింది అతనే. 'నాకామె కులమే తెలీదు, సరదాకి అన్నా' అన్న వాదనకి ఇది జవాబు. ఈ క్లాజు ఫిర్యాదుల్లో రాయించాలి. పోలీసు స్టేషన్లో రైటరు రాయనంటే పట్టుబట్టి రాయించాలి.

మన నవ్వు మనకి

ఇంతా చెప్పాక 'నవ్వే వద్దంటారా?' అని అడిగేవాళ్ళుంటారు. వద్దనడం లేదు. నవ్వు కూలివాళ్ళ సొత్తు. దొరని పాటలో పెట్టి నవ్వుకోవడం దళితవాడ బతుకుని మోసిన బలాల్లో ఒకటి. కింది నుంచి పైకి విసిరే నవ్వు అధికారాన్ని గీరుతుంది. పై నుంచి కిందికి జారే నవ్వు కూలి గిట్టుబాటులో భాగమైపోతుంది. ఈ తేడా మరిచి అన్ని నవ్వుల్నీ ఒకే గాటకి కట్టడం న్యాయం కాదు.

చివరి మాట మన సంఘాల గురించి. ఉద్యమ కార్యాలయం కూడా పనిచోటే. కరపత్రాలు పంచే అమ్మాయి, టీలు పెట్టే అక్క, సభలో ఒక్కతే కూచున్న లాయరు, వీళ్ళందరికీ అది పనిచోటే. అక్కడ నాయకుడు వేసే 'సరదా మాట'కి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదు, అతనూ దళితుడే గనక. 'మన ఇంటి సంగతి బయటపెడితే శత్రువు నవ్వుతాడు' అని ఆమె నోరు నొక్కడం కూడా ఆమె వంతుని లాక్కోవడమే. అగ్రకులం దగ్గర మనం అడిగే కొలత మన గడప లోపల కూడా ఒకటే కావాలి. ఆమె తిరిగి అనగలదా? అన్నాక సంఘంలో ఆమె చోటు ఆమెకే ఉంటుందా?

అందుకని మేం అడిగేవి మూడు. అంతర్గత కమిటీల్లో దళిత, ఆదివాసీ స్త్రీ సభ్యురాలు తప్పనిసరి కావాలి. మండల స్థాయిలో, కూలి పనులు జరిగే చోట్లకి దగ్గరగా, స్థానిక కమిటీ ఎక్కడుందో పేరూ ఫోనూ సహా గోడ మీద రాయాలి. కుల సంఘాలు, కూలి సంఘాలు, విద్యార్థి సంఘాలు తమ కార్యాలయాల్లో ఫిర్యాదుని వినే స్త్రీల బృందాన్ని పెట్టుకోవాలి.

సరసానికి వరస ఉండాలని మన పెద్దమ్మలకి తెలుసు. వరస అంటే రెండు వైపులా నడిచేది. ఒకవైపే నడిచేదాన్ని సరసం అనకండి. దాని అసలు పేరుతో పిలవండి.